ముందు సున్నా పోయిన నేరేడు రంగు

పుణె,
ఆదివారం సాయంత్రం.

అన్నా,

నీకూ, వదినకూ, అమ్మకూ నమస్కారం. అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? కంటి చుక్కలు వేళకు వేస్తున్నారా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, వేళకు ఆఫీసుకు పోతున్నాను. నా గురించి దిగులు పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు.

ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. ఫోనులో అయితే సగం మాటకే నువ్వు అందుకుంటావు. అందుకే రాస్తున్నాను. చివరి దాకా చదువు.

ముందు నీ మరదలు నాగవేణి చివరి రోజు గురించి చెబుతాను. ఆ రోజు నువ్వు ఇక్కడ లేవు.

ఆస్పత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారని నీకు తెలుసు. ఆ రోజు పొద్దున రెండు చెంచాల అంబలి తాగింది. బయట వాన. వాళ్ళమ్మ కుట్టిన పాత చీరల బొంత కప్పుకొని పడుకుంది. వేడి చేస్తుంది, తీసేద్దామంటే ఒప్పుకోలేదు. పక్కింటి మరాఠీ ముసలామె వచ్చి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చొని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఈరన్న ఎమ్మిగనూరు నుంచి వచ్చాడు. తన ఒళ్ళంతా తడిసింది. వాళ్ళమ్మ చీర మాదిరే నేయమని నాగవేణి అడిగిన చీర మాత్రం తడవలేదు. దాన్ని పాలిథిన్ కవరులో చుట్టి, పైన తువ్వాలు చుట్టి, చొక్కా లోపల పెట్టుకొని తెచ్చాడు.

"అక్కా, అమ్మ సీర తెచ్చినా. కండ్లు తెరువు, సూడు" అంటూ మంచం మీద పరిచాడు.

వాన రోజు, గదిలో వెలుతురు లేదు. అయినా ఆ చీర పరచగానే గోడ మీద గులాబీ రంగు పడింది. నాగవేణి చాలాసేపు చూసింది. అంచు మీద వేలు పెట్టి తడిమింది.

"అంచు బాగొచ్చింది రా ఈరా. గట్టిగా కొట్టినావు."

"నీకు కావల్లంటే కొట్టనా అక్కా? ఉండు, నీళ్ళు తాగొస్తా."

వాడు వంటింట్లోకి పోగానే ఆమె నా వైపు చూసింది.

"ఏమప్పా, ఇది మాయమ్మ సీర కాదు."

"అవును" అన్నాను.

"వానికి సెప్పొద్దు. యాడ ఏం జరిగినా తప్పు తనదే అనుకుంటాడు."

ఈరన్న తిరిగి వచ్చాక అడిగింది, "కట్టుకుంటే ఎట్లుంటాను రా?"

"పెండ్లికూతురు మాదిరి ఉంటావు."

"అట్లయితే మీ బావకు మళ్ళీ పెండ్లి ఖర్సు" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక గోడ వైపు తిప్పి పడుకోబెట్టమంది. తిప్పాము. దీపాలు పెట్టే వేళకు ముందే పోయింది. చివరి రోజు ఇంతే.

తర్వాత ఆదోనిలో జరిగింది నీకు తెలుసు. అయినా రాస్తాను. నీకు తెలిసింది నీ వైపు నుంచే.

ఆమెను మన ఇంటి వాకిట్లో పడుకోబెట్టాము. ఈరన్న భార్య సుంకమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులు తొడిగింది. ముత్తైదువగా పోయిన ఆడదానికి చివరగా కప్పేది పుట్టింటి చీర. అది మన పద్ధతే, నాకంటే నీకే బాగా తెలుసు. ఈరన్న చీర మడత విప్పాడు. అప్పుడు నువ్వు అంగడి నుంచి వచ్చావు. చీర చెంగు పట్టుకొని, బేరానికి వచ్చిన వాళ్ళకు చూపినట్టు వెలుతురులోకి తిప్పావు. బండిలో మాతో వచ్చిన బొంతను లాగి, దాని మూల ఉన్న నేరేడు రంగు ముక్కను ఆ చీర పక్కన పెట్టావు. వాళ్ళమ్మ చీరలో మిగిలింది ఆ ఒక్క ముక్కే.

"ఏమప్పా ఈరన్నా, ఇదేనా మీయమ్మ సీర? కండ్లు యాడ పెట్టుకొని నేసినావు?"

"బావ పంపిన రంగే, పెద్దబావా."

"నా తమ్మునిమీద పెడతాండావా? వాడు కంప్యూటర్ సదివినోడు. నువ్వే అగ్గువ రంగు పోయించింటావు. సచ్చినదానికి గూడా మోసమేనా?"

వెనక ఎవరో, "రికార్డింగ్ డాన్సు సీర మాదిరుందప్పా" అన్నారు. కొందరు నవ్వారు. శవం ముందర నవ్వారు. నువ్వు వాళ్ళను ఆపలేదు.

"తీసుకపో. నీ పెండ్లానికి కట్టు. నా మరదలికి నా అంగట్లో సీరల్లేవా?" అన్నావు.

అంగడి నుంచి చీర వచ్చింది. దాని చెంగుకు ధర చీటీ వేలాడుతూ ఉంది. ఎవరూ చూడలేదు. సుంకమ్మ చూసింది. వంగి, దారాన్ని పళ్ళతో కొరికి, ఆ చీటీని నా చేతిలో పెట్టింది. ఈరన్న తన చీరను మళ్ళీ అదే మడతల్లో మడిచి చంకన పెట్టుకొని, అందరికంటే వెనక నడిచాడు. నాగవేణి పుట్టింటి చీర లేకుండానే మట్టిలోకి పోయింది.

నెల మాసికానికి ఈరన్న, సుంకమ్మ మన ఇంటికి వచ్చారు. వాకిట్లోనే నిలబడ్డారు. మీరెవరూ లోపలికి రమ్మనలేదు. నేను బయటికి వచ్చేసరికి ఎమ్మిగనూరు బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఇక్కడి సంగతులు. పుణెలో వాన ఆగడం లేదు. బట్టలు ఆరవు. పక్కింటి ముసలామె రోజు మార్చి రోజు జొన్నరొట్టె ఇస్తుంది. మన రొట్టె కంటే మందం. పచ్చిమిరపకాయలు దంచిన కారం కూడా పెడుతుంది, అదీ మన కారం కాదు. ఉగ్గాని చేసుకుందామని బొరుగులు తెచ్చాను. గాలి తేమకు మెత్తబడ్డాయి. పారేశాను. ఇల్లు చిన్నదే. ఇద్దరికీ ఇరుకని అనుకునేవాళ్ళం. ఇప్పుడు సరిపోతోంది. వదిన పంపిన చెనిగ్గింజల పొడి అందింది. ఇంకా ఉంది, మళ్ళీ పంపొద్దు.

మా ఆఫీసు పని నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చీరలు నేసేవాళ్ళకు, అచ్చు వేసేవాళ్ళకు రంగులు సరిచూసే సాఫ్ట్‌వేర్ మాది. గుడ్డను ఫోటో తీస్తే, అందులో ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని అంకెలు చెబుతుంది. ఆ అంకెలతో రంగు కార్డు అచ్చయి, మా అచ్చు విభాగం నుంచి నేరుగా నేసేవాళ్ళకు పోస్టులో పోతుంది. రంగు అద్దేవాళ్ళు ఆ కార్డు చూసి నూలుకు రంగు కడతారు.

నాగవేణి వాళ్ళమ్మ చీర రంగు కావాలంది. చివరికి అదే కప్పాలని నాతో చెప్పింది. ఈరన్నకు మాత్రం కట్టుకోవడానికని చెప్పింది. బొంత మూలలో ముక్క కత్తిరించి ఎమ్మిగనూరు పంపుదామన్నాను. "మాయమ్మను కోసి పోస్టులో ఏస్తావా?" అంది. కత్తెర దాచేసింది. బొంతనే పంపుదామంటే, "నాకు సలి" అంది. అందుకని కిటికీ దగ్గర ఆ ముక్కను ఫోటో తీశాను. తెరమీద రంగు వచ్చింది. పండి నల్లబడిన నేరేడు పండు తొక్క. నలుపే అనిపిస్తుంది, ఎండ తగిలితే లోపల కొంచెం ఎరుపు. ఆమె తెర చూసి, "ఇదే, ఇదే" అంది. కార్డుకు ఆర్డరు పెట్టాను. కార్డు ఎమ్మిగనూరు పోయింది. ఆ కాగితాన్ని నేనూ చూడలేదు, ఆమె కూడా చూడలేదు.

అయితే కార్డు గులాబీ ఎందుకయింది? నీకు అర్థమయ్యేలా చెబుతాను.

కంప్యూటరు రంగులను పదహారు లెక్కలో రాస్తుంది. మనకు తొమ్మిది తర్వాత పది. దానికి తొమ్మిది తర్వాత a, b, c, d, e, f. ఒక్కొక్క రంగుకు రెండేసి గళ్ళు. మా అత్తగారి చీరలో ఎరుపు 0f, ఆకుపచ్చ 02, నీలం 0a. మూడూ చాలా తక్కువ, కాబట్టే అంత నలుపు. పక్కపక్కన రాస్తే 0f020a. ముందున్న సున్నాలకు విలువ లేదని వాటిని వదిలేస్తే f2a అని మూడే మిగులుతాయి. మూడే కనబడితే, ఇది పొట్టిగా రాసిన రంగు అనుకొని అచ్చు యంత్రం ఒక్కొక్కదాన్ని రెండుసార్లు వేసుకుంటుంది. ff22aa. అంటే ఎరుపు నిండుగా, నీలం సగం పైన. నలుపు కావలసింది కళ్ళు చెదిరే గులాబీ అయింది.

నీ అంగడి లెక్కలో చెబుతాను. అయిదు మీటర్ల అయిదు సెంటీమీటర్ల గుడ్డను 5.05 అని రాస్తావు. సున్నా ఎందుకులే అని 5.5 రాస్తే అయిదున్నర మీటర్లు చించాల్సి వస్తుంది. నీ గుమాస్తా అట్లా రాస్తే చెంప పగలగొడతావు. మా వాళ్ళు అదే చేశారు. ముదురు రంగులకే ఈ తేడా వస్తుంది. లేత రంగుల్లో రెండు గళ్ళూ నిండి ఉంటాయి, ఏమీ తెలియదు. ఎవరూ పట్టించుకోలేదు.

మొన్న ఆఫీసులో అవే అంకెలు ఇచ్చి ఒక కార్డు అచ్చు వేయించాను. చేతికి వచ్చిన కార్డు ఆ చీర రంగే. కార్డు అచ్చేసే భాగం రాసిన కుర్రవాడు హైదరాబాదువాడు, నా పక్క సీటే. అతనికి చూపించాను.

"ఓహో, జీరో ప్యాడింగా? అంత నలుపు ఎవరు వాడతారు సార్, బురఖాలకు తప్ప?" అని నవ్వాడు.

"మా ఆవిడ వాడింది" అన్నాను. అతను నవ్వు ఆపలేదు, జోకు అనుకున్నాడు. ఆమె పోయిన సంగతి అతనికి తెలుసు. చీర సంగతి తెలియదు.

పాత ఫిర్యాదులు తీసి చూశాను. ఇదే తప్పు గురించి మా కంటే ముందే ఇంకెక్కడి నేతవాళ్ళో రాశారు. నల్లంచు అడిగితే ఎర్రంచు వచ్చిందని. 'అరుదు, అవసరం లేదు' అని జవాబు రాసి మూసేశారు. సవరించడానికి ఎంత పని అనుకుంటున్నావు? %x అని ఉన్నచోట %02x అని రాయాలి. రెండు గళ్ళు ఉండాలి, ఖాళీ ఉంటే సున్నాతో నింపు అని దానర్థం. రాశాను. టీ చల్లారే లోపల అయిపోయింది. ఎందుకు సవరించానో కారణం రాసే చోట, ఉన్నది ఉన్నట్టు రాశాను. మేనేజరు పిలిచి, "ఇంటి విషయాలు ఇక్కడ రాయొద్దు, కస్టమర్లు చూస్తారు" అన్నాడు. కారణం చెరిపి, 'ముదురు రంగుల సవరణ' అని మార్పించాడు. ఉద్యోగం మంచిదేనని అమ్మకు చెప్పు.

ఆ సాయంత్రం ఈరన్నకు ఫోను చేశాను. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాను.

"కార్డు చూడగానే నీకు తెలియలేదా ఈరన్నా?" అని అడిగాను.

"తెలిసింది బావా. కవరు లోంచి తీయంగానే అనుకున్నా, ఇది అమ్మ రంగు కాదని. సుంకి గూడా సెప్పింది, అక్కను ఒక మాట అడుగు అని."

"మరి?"

"నువ్వు పంపిన కాగితం కదా. అల్లుని మాటకు ఎదురు అడగొద్దని మాయమ్మ ఎప్పుడూ సెప్తాండె. అట్లడిగితే ఆడబిడ్డ కాపురంలో మాట వస్తాదంట. నీకేమో ఈ రంగే నచ్చిందేమో అనుకున్నా." తర్వాత అడిగాడు, "అక్క ఏమన్నా అనిందా బావా, నేను నీళ్ళకు పోయినప్పుడు?"

"బాగుందనింది" అన్నాను.

"అబద్దం సెప్పిందిలే. సిన్నప్పటి నుంచి అంతే."

వాడే మళ్ళీ అన్నాడు, "ఈ సున్నాల సంగతి పెద్దబావకు సెప్పొద్దులే బావా. ఆయప్ప సిన్నబుచ్చుకుంటాడు."

వాడి మనసు అది. నా మనసు అట్లా లేదు. అందుకే చెబుతున్నాను.

శవం ముందర అన్నది చాలక, తర్వాత బట్టల బజారులో నువ్వేమన్నావో సుంకమ్మ చెప్పింది. చచ్చిన అక్కకే దొంగరంగు వేసినవాడు, మీ నూలు ఏం చేస్తాడో చూసుకోండి అన్నావు. నువ్వు అంగడి ఉన్నవాడివి, నీ మాట చెల్లింది. ఎమ్మిగనూరు శావుకారు ఈరన్నకు పడుగు నూలు ఇవ్వడం మానేశాడు. మగ్గం గుంతలో సుంకమ్మ పొయ్యి పుల్లలు పెట్టుకుంటోంది. ఈరన్న సి.బెళగల్ వైపు మిరపకాయలు కోసే కూలికి పోతున్నాడు. పోగు తెగితే కంటికి కనబడని ముడి వేసే వేళ్ళు అవి. మిరప మంటకు వాచి ఉన్నాయంట. అన్నం కూడా చెంచాతో తింటున్నాడంట. ఇది కూడా వాడు చెప్పలేదు.

మూడో నెల మాసికం మన ఇంట్లో పెట్టాలని నువ్వు పురోహితునితో మాట్లాడావని అమ్మ చెప్పింది. ఆ రోజు ముత్తైదువకు ఇచ్చే చీర వదిన చెల్లెలికి ఇద్దామన్నావంట. వద్దు. మాసికం ఎమ్మిగనూరులో, ఈరన్న ఇంట్లో జరుగుతుంది. చీర సుంకమ్మ అందుకుంటుంది. ఆ చీర ఈరన్న నేస్తాడు. నూలు నేను కొనిస్తాను. పురోహితునికి నేను చెప్పుకుంటాను.

నువ్వు రావాలంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఎమ్మిగనూరు శావుకారు అంగడికి పో. ఏ గొంతుతో ఆ మాట అన్నావో అదే గొంతుతో, అక్కడ కూర్చున్న వాళ్ళందరూ వినేలా, నేనన్నది అబద్ధం అని చెప్పు. తర్వాత ఈరన్న ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడు. లోపలికి రమ్మని వాడే పిలుస్తాడు. పిలవకుండా ఉండలేడు. అట్లా చేయలేనంటే రావొద్దు. తమ్ముడు లేడనుకో. నాకు ఇప్పుడు ఇంట్లో మనిషి లేకుండా బతకడం అలవాటవుతోంది, ఇంకొకరు తగ్గితే తేడా తెలియదు.

నీ అంగడి చీర నీకు తిరిగి ఇచ్చే దారి లేదు, అది మట్టిలో ఉంది. దాని ధర చీటీ ఇన్నాళ్ళు నా పర్సులో ఉంది. ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. దారం మీద సుంకమ్మ పంటి గాటు కనబడుతుంది. చూడు.

అమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. నువ్వు వదిలేసి చదివే వాక్యాలు ఏవో నాకు తెలుసు, వాటిని అమ్మ మాసికానికి వచ్చినప్పుడు నేనే చదువుతాను. అమ్మ పాదాలకు దండం పెడుతున్నాను. నన్ను దీవించమని చెప్పు. నేను కోపంతో రాయలేదని కూడా చెప్పు, నమ్ముతుంది. వదినకు నమస్కారం. శవం వాకిట్లో ఉన్న రోజు వంటింట్లో ఆమె ఒక్కతే సుంకమ్మకు నీళ్ళిచ్చింది, నేను చూశాను. పాపకు నా ముద్దులు, పరీక్షలకు బాగా చదువుకోమను. నాకు ఏ లోటూ లేదు. ఆరోగ్యం బాగుంది. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నాను.

ఈరన్నకు ఈసారి కార్డు పంపను, అంకెలూ పంపను. బొంత కత్తిరించను. చలి అనే మనిషి ఇప్పుడు దాని కింద లేదు. రేపు పొద్దున దాన్ని నాలుగు మడతలు పెట్టి, భుజాన వేసుకొని రైలెక్కుతాను. ఆదోనిలో దిగుతాను. మన ఇంటికి రాను. ఎమ్మిగనూరు బస్సెక్కి పోయి, ఆ మూలను ఈరన్న కళ్ళ ముందు, ఎండలో పెడతాను.

నీ తమ్ముడు,
మల్లికార్జున